స్టేడియంలో జామ్ బ్యాండ్: టికెట్టు కంటికా, చెవికా?

పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

జామ్ బ్యాండ్ అంటే పాటను రికార్డులో ఉన్నట్టు అప్పజెప్పకుండా, వేదిక మీదే విప్పి, సాగదీసి, ఒక్కోసారి అందులోంచే ఇంకో పాటలోకి నడిచిపోయే బృందం. 1965లో కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో పుట్టిన గ్రేట్‌ఫుల్ డెడ్ ఈ దారి వేసింది. 1983లో వెర్మాంట్ విశ్వవిద్యాలయం కుర్రాళ్లు మొదలుపెట్టిన ఫిష్ ఆ దారిని తన పద్ధతిలో ఇంకా ముందుకు తీసుకెళ్లింది. డెడ్ గిటారిస్టు జెర్రీ గార్సియా 1995 ఆగస్టు 9న కన్నుమూశాక మిగిలిన సభ్యులు రకరకాల పేర్లతో వాయించారు. 2015లో గాయకుడు, గిటారిస్టు జాన్ మేయర్‌ని కలుపుకుని కట్టిన డెడ్ అండ్ కంపెనీ వేసవుల్లో స్టేడియాలు నింపింది. ఈ నెల వచ్చిన ప్రశ్నలన్నీ ఇలాంటి పాతకాపుల్ని అమెరికాలోని పెద్ద స్టేడియంలో వినడం గురించే.

ప్రశ్న: బేస్‌బాల్ స్టేడియంలో షో. ఫ్లోర్ (వేదిక ముందు మైదానంలో నిలబడే) టికెట్టూ, కింది గ్యాలరీ టికెట్టూ దాదాపు ఒకే ధర పలుకుతున్నాయి. వేదిక దగ్గరే నిలబడాలని మావాళ్లు పట్టుబడుతున్నారు. ఏది తీసుకోమంటారు?

జవాబు: ముందు మ్యాపులో సౌండ్ మిక్సర్ ఎక్కడుందో చూడండి. వేదిక ఎక్కడన్నది ఆ తర్వాత. ఫ్లోర్ మధ్యలో, సాధారణంగా వేదికకు వంద, నూట యాభై అడుగుల దూరంలో చిన్న గుడారంలా ఉంటుంది. సౌండ్ ఇంజినీరు అక్కడ కూర్చుని, అక్కడ తన చెవికి ఏది వినిపిస్తుందో దాన్ని బట్టే గిటారు ఎంత, కీబోర్డు ఎంత అని సరిచేస్తాడు. కాబట్టి ఆ గుడారం పక్కనో, కాస్త వెనకో నిలబడితే ఆయన విన్నదే మీరూ వింటారు.

వేదిక ముందు కంచెకు ఆనుకుని నిలబడితే జరిగేది వేరు. రెండు పక్కలా వేలాడే పెద్ద స్పీకర్ల వరుసలు మీ తల మీదుగా వెనకవాళ్లకి గురిపెట్టి ఉంటాయి. మీకు దక్కేది వేదిక అంచున పెట్టిన చిన్న స్పీకర్లు, నేల మీది సబ్‌వూఫర్లు, వేదిక మీంచి నేరుగా వచ్చే డ్రమ్సూ ఆంప్లిఫైయర్లూ. కడుపులో దద్దరిల్లే బేస్ (మంద్ర ధ్వని) బాగానే ఉంటుంది, గొంతులు మాత్రం పల్చబడతాయి. వేళ్లు తీగల మీద ఎలా కదులుతున్నాయో చూడాలన్న ఆశ ఉన్నవాళ్లకి ఆ చోటు సరే. నలుగురూ ఒకరి మాటకి ఒకరు ఎలా జవాబు చెబుతున్నారో వినాలంటే మాత్రం వెనక్కి రావాలి.

గ్యాలరీలో కొనేటప్పుడు ఒక్కటే పరీక్ష: ఆ సీటు నుంచి వేలాడే స్పీకర్ల వరుస పైనుంచి కింది దాకా కనిపిస్తుందా? సింబల్ చప్పుడు, హల్లుల స్పష్టత, గిటారు పదును తెచ్చే పై స్వరాలు దాదాపు గీత గీసినట్టు వస్తాయి. ఎదురుగా అడ్డం ఏదైనా ఉంటే ఆగిపోతాయి. బేస్ అడ్డాన్ని చుట్టేసుకుని వస్తుంది. అందుకే పై అంతస్తు కప్పు కింద, లోపలి వరుసల్లో కూర్చున్నవాళ్లకి దుప్పట్లో చుట్టిన రేడియోలా బొయ్యిమంటూ వినిపిస్తుంది. ఆ చివరి వరుసలు ఎంత చవగ్గా వచ్చినా వదిలేయండి. సీటు నుంచి తీసిన ఫొటోలు చూపించే వెబ్‌సైట్లున్నాయి, కొనేముందు ఆ ఫొటోలో పైకప్పు ఎంత కిందికి దిగిందో చూసుకోండి.

బేస్‌బాల్ మైదానాల్లో ఇంకో చిక్కుంది. వేదికను సాధారణంగా అవుట్‌ఫీల్డ్‌లో కడతారు. మైదానానికి కుడి ఎడమల, అంటే మొదటి బేస్, మూడో బేస్ వైపు కుర్చీలన్నీ ఆట జరిగే చోటికి తిరిగి ఉంటాయి. మూడు గంటలు మెడ పక్కకి తిప్పి కూర్చోవడం చిన్న విషయం కాదు. బ్యాట్ పట్టినవాడు నిలబడే హోమ్ ప్లేట్ వెనక సీట్లు వేదికకి సూటిగానే ఉంటాయి, దూరమే ఎక్కువ. నాలుగు గంటలు నిలబడగలిగితే ఫ్లోర్ కొని మిక్సర్ దగ్గర చేరండి. లేదంటే కింది గ్యాలరీలో కప్పు పడని మొదటి పది పదిహేను వరుసలు తీసుకోండి. పొట్టివాళ్లకి రెండోదే నయం. చదును నేల మీద ముందువాళ్ల వీపులు తప్ప ఏమీ కనపడవు.

ప్రశ్న: పోయినసారి పై అంతస్తులో కూర్చున్నాను. డ్రమ్మర్ కర్ర కిందికి దిగాక కాసేపటికి దెబ్బ వినిపించింది. సౌండ్ వ్యవస్థ పాడైందా?

జవాబు: పాడవలేదు. గాలిలో ధ్వని వేగం 20 డిగ్రీల దగ్గర సెకనుకు 343 మీటర్లు. మీరు వంద మీటర్ల అవతలుంటే దెబ్బ మిమ్మల్ని చేరడానికి 0.29 సెకన్లు పడుతుంది. కర్ర స్నేర్ డ్రమ్ముని తాకి, మళ్లీ భుజం ఎత్తు దాకా లేచే సమయానికి చప్పుడు వస్తుంది. అంటే చెయ్యి పైకి పోతున్నప్పుడు దెబ్బ వినిపిస్తుంది. మనసు అటు తగులుకుంటే ఇక పాట మీద నిలవదు. కాసేపు కళ్లు మూసుకోండి, తేడా మాయమవుతుంది. చప్పట్లు కూడా వేదికను చూసి కాకుండా విన్నదాన్ని బట్టే కొట్టండి. స్టేడియం మొత్తం చప్పట్లు కలవకపోవడానికి ఈ దూరమే కారణం.

మైదానం మధ్యలో నిలబెట్టే స్పీకర్ స్తంభాలు ఈ సమస్య నుంచే పుట్టాయి. ముందున్న స్పీకర్లనే గట్టిగా పెంచితే ముందు వరుసల చెవులు చిల్లులు పడతాయి. వెనక ఇంకో వరుస పెట్టి అదే క్షణంలో మోగిస్తే వెనకవాళ్లకి ప్రతి దెబ్బా రెండుసార్లు వినిపిస్తుంది. అందుకని వేదిక నుంచి ధ్వని ఆ స్తంభం దాకా రావడానికి పట్టే కాలం లెక్కగట్టి, అంతసేపు ఆపి వదులుతారు. దానికి ఇంకో పది, ఇరవై మిల్లీసెకన్లు కలుపుతారు. ముందుగా వచ్చిన శబ్దం ఏ వైపు నుంచి వస్తే అన్నీ అటు నుంచే వస్తున్నట్టు మన చెవి నమ్ముతుంది కాబట్టి, పక్కనున్న స్తంభం మోగుతున్నా పాట వేదిక మీంచి వస్తున్నట్టే ఉంటుంది. 1973 జులై 28న న్యూయార్క్ రాష్ట్రంలోని వాట్కిన్స్ గ్లెన్‌లో గ్రేట్‌ఫుల్ డెడ్, ఆల్‌మన్ బ్రదర్స్, ది బ్యాండ్ అనే మూడు బృందాలు వాయించినప్పుడు దాదాపు ఆరు లక్షల మంది వచ్చారు. అక్కడ డిజిటల్ డిలేతో ఇలాంటి స్తంభాలు వాడారు.

ఎండ దిగి చల్లబడ్డకొద్దీ ఈ లెక్క మారుతుంది. ఒక్కో డిగ్రీకి ధ్వని వేగం సెకనుకు 0.6 మీటర్ల చొప్పున తగ్గుతుంది. మధ్యాహ్నం 35 డిగ్రీల్లో సరిచేసినది రాత్రి 20కి వచ్చేసరికి వంద మీటర్ల దగ్గర 7 మిల్లీసెకన్లు తప్పుతుంది. జాగ్రత్త ఉన్న ఇంజినీర్లు విరామంలో మళ్లీ సరిచేస్తారు. గాలి విసురుకి పై స్వరాలు ఒకసారి దగ్గరై ఒకసారి దూరమైనట్టు ఊగుతాయి. దానికి మాత్రం ఎవరి దగ్గరా మందు లేదు.

ప్రశ్న: డెడ్‌వాళ్ల పాత "వాల్ ఆఫ్ సౌండ్" గురించి గొప్పగా చెబుతారు. అందులో అంత విశేషమేముంది?

జవాబు: 1974లో వాళ్లు ఊరూరా మోసుకుతిరిగిన స్పీకర్ల గోడ అది. దాదాపు 600 స్పీకర్లు, 26,400 వాట్లు, 75 టన్నుల బరువు. ఔస్లీ స్టాన్లీ, ఆయనతో పనిచేసిన ఇంజినీర్లు దాన్ని వాద్యకారుల వెనక నిలబెట్టారు. వాళ్లు వినేదీ జనం వినేదీ ఒకటే. ఒకే స్పీకర్లో అన్నీ కలిపి కుక్కకుండా ఒక్కో వాద్యానికీ గొంతుకీ విడివిడిగా వరుసలిచ్చారు. ఫిల్ లెష్ బేస్ గిటారులో ఒక్కో తీగకీ వేర్వేరు స్పీకర్లు మోగేలా కూడా ఏర్పాటుండేది.

అసలు తెలివి మైకుల్లో ఉంది. మైకుకి వెనకే గోడంత స్పీకర్లుంటే కీచుమని కూయాలి కదా! అందుకని ప్రతి గాయకుడికీ రెండు మైకులు పైనొకటి కిందొకటి బిగించి, ఒకదాన్ని తిరగేసి కలిపారు. వెనక నుంచి వచ్చే శబ్దం రెండింటిలోనూ సమానంగా పడి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. గాయకుడు పైమైకుకి పెదాలు ఆనించి పాడతాడు కాబట్టి ఆయన గొంతు మాత్రం మిగులుతుంది. పెదాలు కాస్త దూరం జరిగితే గొంతూ పల్చబడేది. ఆనాటి ఫొటోల్లో జంట మైకులు కనపడితే అవే ఇవి. మోయడం, కట్టడం, విప్పడం తలకుమించిన ఖర్చై అదే ఏడాది చివర దాన్ని పక్కన పెట్టేశారు. మంచి పని బరువుకి లొంగిపోయిందని మాకు ఇప్పటికీ బాధే.

ప్రశ్న: నాకు ఈ బృందాల పాటలు తెలియవు. షో నెల రోజుల్లో ఉంది. ఏం వినాలి? అసలు మూడు గంటలు ఎలా సాగుతుంది?

జవాబు: కచేరీలో మనోధర్మం రుచి తెలిసినవాళ్లకి ఇది కొత్త కాదు. పద్ధతి తెలిస్తే చాలు. సాధారణంగా రెండు సెట్లుంటాయి. మొదటిది గంట, గంటంపావు. విడివిడి పాటలు, పొట్టివి. తర్వాత అరగంట అటూ ఇటూ విరామం. రెండో సెట్ గంటంపావు నుంచి గంటన్నర. అసలు ప్రయాణం అక్కడే. చివర్లో ఒకటో రెండో పాటలతో ఎన్‌కోర్. టికెట్టు మీది సమయానికే మొదలవుతుందని అనుకోవద్దు గానీ, రెండో సెట్ మొదలయ్యే వేళకి తిండి క్యూలో ఉండటం మాత్రం పెద్ద నష్టం.

డెడ్ కుటుంబం బృందాల రెండో సెట్ నడుమ "డ్రమ్స్", ఆ వెంటనే "స్పేస్" వస్తాయి. 1978 నుంచి స్థిరపడ్డ అలవాటిది. తని ఆవర్తనంలాగే మిగతావాళ్లు పక్కకి తప్పుకుంటారు. డెడ్ డ్రమ్మర్ మిక్కీ హార్ట్ వాయించే "బీమ్" అనే ఎనిమిదడుగుల అల్యూమినియం దూలానికి పదమూడు పియానో తీగలు బిగించి ఉంటాయి. దాని అడుగు స్వరం చెవికన్నా ముందు పాదాలకి తగులుతుంది. కొత్తవాళ్లు చాలామంది ఇదే సమయమని లేచి బాత్రూమ్‌కి పోతారు. స్టేడియం స్పీకర్ల అసలు సత్తా తెలిసేది ఈ పదిహేను ఇరవై నిమిషాల్లోనే, దయచేసి కూర్చోండి.

తయారీకి వందల పాటలు అక్కర్లేదు. ఒకే పాటని మూడు చోట్ల వినండి: స్టూడియోలో, డెబ్బైల కచేరీలో, ఇటీవలి కచేరీలో. "డార్క్ స్టార్" దీనికి సరైన ఉదాహరణ. 1968లో సింగిల్‌గా విడుదలైనప్పుడు అది మూడు నిమిషాలు కూడా లేదు. మరుసటి ఏడాది వచ్చిన ప్రత్యక్ష ఆల్బమ్‌లో ఇరవై మూడు నిమిషాలు. రెంటినీ వెంటవెంటనే వింటే జామ్ అంటే ఏమిటో ఏ వ్యాసం చదవకుండానే బోధపడుతుంది. ఒక పూర్తి రాత్రి వినాలనుకుంటే 1977 మే 8న కార్నెల్ విశ్వవిద్యాలయం బార్టన్ హాల్లో జరిగినది వినండి. అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయం జాతీయ రికార్డింగుల పట్టికలో చేర్చుకున్న కచేరీ అది.

వినేటప్పుడు గిటారుని వదిలేసి ఒక పది నిమిషాలు బేస్ గిటారు ఒక్కదాన్నే పట్టుకోండి. జామ్ మలుపు తిరిగేది చాలాసార్లు అక్కడే. ఫిష్ అభిమానులు రెండు రకాలుగా విడదీస్తారు. పాట తాళం, స్వరాల చట్రంలోనే సోలో సాగితే మొదటి రకం. చట్రం దాటి ఇక ఏ పాటో చెప్పలేని చోటికి పోతే రెండో రకం. దాటే క్షణాన్ని మీ అంతట మీరు పట్టుకున్న రోజు ఈ సంగీతం మీదైపోతుంది.

ప్రశ్న: పాటల పట్టికలో కొన్ని పేర్ల మధ్య కామా, కొన్నింటి మధ్య బాణం గుర్తు ఉంటుంది. ఎందుకు?

జవాబు: కామా ఉంటే పాట ఆగి, చప్పట్లయ్యాక ఇంకోటి మొదలైంది. బాణం ఉంటే ఆగకుండా ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి వెళ్లారు. "స్కార్లెట్ బిగోనియాస్" నుంచి "ఫైర్ ఆన్ ది మౌంటెన్"లోకి వెళ్లడం డెడ్‌వాళ్ల పేరున్న జంట. రెండింటి మధ్యనున్న ఆ బాణం గుర్తే ఒక్కోసారి పదినిమిషాల సంగీతం.

ప్రశ్న: మూడు రాత్రులు వరసగా ఉన్నాయి. ఒక్కటి చూస్తే చాలదా? అన్నీ ఒకటే కదా.

జవాబు: కావు. వరస రాత్రుల్లో పాటలు తిరిగి రాకుండా చూసుకోవడం ఈ బృందాల ఆనవాయితీ. ఫిష్ 2017లో జులై 21 నుంచి ఆగస్టు 6 లోపు న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో 13 రాత్రులు వాయించి 237 పాటలు పాడింది, ఒక్కటీ మళ్లీ రాలేదు. అందుకే ఏ రాత్రి మంచిదో ముందుగా ఎవరూ చెప్పలేరు. రెండు రాత్రులు వీలైతే ఒకటి ఫ్లోర్, ఒకటి గ్యాలరీ తీసుకోండి. ఒక్కటే అయితే మొదటి రాత్రి కన్నా రెండోదానికి ఓటేస్తాం. ఆ స్టేడియం శబ్దం ఎలా తిరుగుతుందో మొదటి రాత్రికి సౌండ్‌వాళ్లకి పట్టుబడి ఉంటుంది.

ప్రశ్న: ఏడేళ్ల పాపని తీసుకెళ్దామనుకుంటున్నాం. చెవులకి ప్రమాదమా? చెవుల్లో ఫోమ్ ప్లగ్గులు పెడితే సంగీతం చచ్చిపోతుందని అంటున్నారు.

జవాబు: ప్రమాదమే, అయితే లెక్కతో తప్పించుకోవచ్చు. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నయోష్ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్‌లో 8 గంటలు ఉండొచ్చు. 3 డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా ఆ సమయం సగానికి తగ్గుతుంది. 88లో 4 గంటలు, 91లో 2, 94లో గంట, 97లో అరగంట, 100లో పదిహేను నిమిషాలు. షో సగటున 100 దగ్గర మూడు గంటలు సాగితే పరిమితికి పన్నెండు రెట్లు తిన్నట్టు. దాన్ని 89కి దించితే దాదాపు మూడు గంటలు సరిపోతుంది. అంటే మీకు కావలసింది పదకొండు, పన్నెండు డెసిబెల్స్ తగ్గింపు.

ప్లగ్గుల ప్యాకెట్ మీద 32 డెసిబెల్స్ అని రాసి ఉన్నంత మాత్రాన 32 తగ్గదు. అందులోంచి 7 తీసేసి మిగిలినదాన్ని సగం చేస్తే అసలు పెట్టుకున్నప్పుడు దక్కే తగ్గింపుకి దగ్గరగా వస్తుంది: పన్నెండున్నర. అదీ సరిగ్గా పెట్టుకుంటేనే. ఫోమ్ ప్లగ్గుని వేళ్ల మధ్య ముడతలు పడకుండా సన్నని పుల్లలా నలపాలి. రెండో చేత్తో తల వెనక నుంచి చెవి పైకొనని పట్టుకుని పైకి, వెనక్కి లాగాలి. అప్పుడు రంధ్రం తిన్నగా అవుతుంది. ప్లగ్గు లోపలికి తోసి, ఉబ్బి గట్టిపడేదాకా అర నిమిషం వేలితో నొక్కి ఉంచాలి. అద్దంలో ఎదురుగా చూస్తే ప్లగ్గు బయటికి పొడుచుకు కనపడిందంటే సగమే దిగినట్టు. చాలామంది చేసే తప్పు ఇదే. సగం దిగిన ప్లగ్గు సన్న స్వరాలను మాత్రం కోసేసి బేస్‌ని వదిలేస్తుంది. సంగీతం చచ్చిపోయిందనే ఫిర్యాదు సగం అందుకే. మిగతా సగానికి మందు, అన్ని స్వరాలనూ దాదాపు సమానంగా తగ్గించే సంగీతకారుల ప్లగ్గులు. జామ్ వినడానికి వెళ్తూ ఆ కొద్దిపాటి ఖర్చుకి వెనకాడొద్దు.

పాపకి ప్లగ్గులు వద్దు, చెవి చుట్టూ మూసే పిల్లల ఇయర్‌మఫ్స్ కొనండి. ఇంట్లోనే రెండు మూడు రోజులు అరగంట చొప్పున పెట్టి అలవాటు చేయండి, లేకపోతే రెండో పాటకే తీసి పారేస్తుంది. ఇయర్‌మఫ్స్ మెత్తకీ చర్మానికీ మధ్య జుట్టు, కమ్మలు, కళ్లజోడు కాడ ఏది దూరినా శబ్దం లోపలికి జారుతుంది. సబ్‌వూఫర్ల దగ్గర నిలబెట్టకండి. కింది గ్యాలరీలో నడవ పక్క సీటు తీసుకుంటే నిద్ర ముంచుకొచ్చినప్పుడు లేచి రావడం సులువు.

ప్రశ్న: లోపలికి ఏం తీసుకెళ్లొచ్చు? టికెట్టు ఫోన్లో ఉంటే చాలా?

జవాబు: అమెరికన్ ఫుట్‌బాల్ లీగు (ఎన్‌ఎఫ్‌ఎల్) స్టేడియాల్లో 2013 నుంచి పారదర్శక సంచి నియమం ఉంది: 12 అంగుళాల పొడవు, 6 వెడల్పు, 12 ఎత్తు మించని పారదర్శక ప్లాస్టిక్ సంచి, లేదా ఒక గ్యాలన్ జిప్ కవరు. దాంతోపాటు 4.5, 6.5 అంగుళాలకి మించని చిన్న చేతిపర్సు. కచేరీలకీ చాలాచోట్ల ఇదే పాటిస్తారు. వెళ్లేముందు ఆ స్టేడియం పేజీలో చూసుకోండి. నీళ్ల సీసా విషయంలో ఒక్కో చోట ఒక్కో పద్ధతి. గొడుగు వదిలేసి ప్లాస్టిక్ రెయిన్‌కోటు మడిచి పెట్టుకోండి.

టికెట్టుకి స్క్రీన్‌షాట్ తీసుకుని గేటు దగ్గర ఆగిపోయేవాళ్లు ప్రతి షోలోనూ కనపడతారు. చాలా టికెట్లలో బార్‌కోడ్ కొన్ని క్షణాలకోసారి మారుతుంది, ఫొటో పనికిరాదు. వేలమంది ఒకేసారి వాడేసరికి గేటు దగ్గర నెట్‌వర్క్ కూడా పడిపోతుంది. ఇంట్లో ఉండగానే ఫోన్ వ్యాలెట్‌లో వేసుకోండి. నలుగురివీ ఒకే ఫోన్లో ఉంటే నలుగురూ కలిసే లోపలికి రావాలి. విడిగా వచ్చేవాళ్లుంటే వాళ్ల టికెట్టు ముందురోజే పంపేయండి. లోపల కలుసుకోవడానికి ఫోన్ని నమ్ముకోకుండా సెక్షన్ నంబరు చెప్పుకుని ఒక చోటు అనుకోండి.

టికెట్టు దొరక్కపోతే, అచ్చు ధరకే మార్చుకునే పద్ధతి ఈ అభిమానుల్లో గట్టిగా ఉంది. క్యాష్ ఆర్ ట్రేడ్ అనే సైటు దానికోసమే పుట్టింది. పార్కింగ్ లాట్‌లో ఒక వేలు పైకెత్తి నిలబడ్డవాళ్లని చూస్తారు. ఉచితంగా ఒక టికెట్టు ఇచ్చే పుణ్యాత్ముడి కోసం ఎదురుచూపు అది. దాన్ని "మిరాకిల్" అంటారు. మీ దగ్గర మిగిలిపోయిన టికెట్టుంటే ఇంతకన్నా మంచి దారి లేదు.

ప్రశ్న: షేక్‌డౌన్ స్ట్రీట్ అంటే ఏమిటి? కుటుంబంతో వెళ్లొచ్చా?

జవాబు: పార్కింగ్ లాట్‌లో అభిమానులే పెట్టుకునే సంత. 1978 నాటి డెడ్ ఆల్బమ్ పేరు దానికి పడింది. రంగుల చొక్కాలు, పోస్టర్లు, స్టిక్కర్లు, వేడి తిండి. డెడ్‌వాళ్ల గుర్తయిన మెరుపు పుర్రె బొమ్మలు అడుగడుగునా. ఆ బొమ్మ వెనక కథ మామూలుదే: సామాన్ల పెట్టెలు వేరేవాళ్ల వాటితో కలిసిపోకుండా గుర్తుపట్టడానికి, పైన చెప్పిన ఔస్లీ స్టాన్లీ ఆలోచిస్తే, చిత్రకారుడు బాబ్ థామస్ గీశాడు. పుర్రె నడుమ మెరుపుకి పదమూడు కొనలుంటాయి.

పగటి వెలుగులో పిల్లలతో తిరగొచ్చు, షో అయ్యాక వద్దు. ఎవరిచ్చినా చాక్లెట్టు, గమ్మీ, తెరిచిన సీసా ముట్టకండి. బుస్సుమని బెలూన్లు నింపే సిలిండర్లు కనపడితే అటు పోకండి. ఆ నైట్రస్ వాయువు పీల్చి నిలుచున్నచోటే కూలిపోయి తల పగలగొట్టుకునేవాళ్లుంటారు. పసుపు బెలూన్లు కట్టిన బల్ల కనపడితే మాత్రం అది వేరు. మందూ మత్తూ లేకుండా సంగీతం వినేవాళ్ల గుంపు వార్ఫ్ ర్యాట్స్ వాళ్లది. విరామంలో అక్కడ చేరి మాట్లాడుకుంటారు. ఫిష్ షోల్లో అలాంటి గుంపు పేరు ఫెలోషిప్. చుట్టూ తాగేవాళ్ల మధ్య ఒంటరిగా అనిపిస్తే సంకోచం లేకుండా ఆ బల్ల దగ్గరికి వెళ్లండి.

ప్రశ్న: స్టాండ్లకి మైకులు కట్టి రికార్డు చేస్తుంటారు. దొంగతనం కాదా? నేనూ చేయొచ్చా?

జవాబు: డెడ్‌వాళ్లు 1984 అక్టోబరులో ఇలా రికార్డు చేసుకునే అభిమానులకి (టేపర్లకి) మిక్సర్ వెనక ప్రత్యేక విభాగమే కేటాయించారు. ఫిష్ కూడా ఒప్పుకుంటుంది. అమ్ముకోకూడదు, పంచుకోవచ్చు. అయితే ఆ విభాగానికి ప్రత్యేక టికెట్టు ఉండొచ్చు, స్టేడియంవాళ్లు స్టాండ్లని ఆపొచ్చు. బృందం నియమాలు ముందే చదివి ఆ పేజీ కాగితం మీద తీసుకెళ్లండి. గేటు దగ్గర వాదన కన్నా కాగితం బాగా పనిచేస్తుంది.

స్టేడియంలో చుట్టుపక్కల గోల తగ్గాలంటే సన్నని కోణంలో వినే హైపర్‌కార్డియాయిడ్ మైకుల జత మేలు. తలలకి పైన, ఎనిమిదడుగుల ఎత్తులో, వేలాడే స్పీకర్ల వైపు చూపండి. గాలి తొడుగులు మరిచిపోతే రికార్డంతా ఉరుములే. రికార్డర్ని 24 బిట్లు, 48 కిలోహెర్ట్జ్‌లో పెట్టి, ఎంత గట్టి చోటైనా దాని మీటరు సున్నాకి 6 డెసిబెల్స్ కిందే ఆగేలా చూడండి. మొదటి పాటకి కొలిచి వదిలేయడం పెద్ద తప్పు, రెండో సెట్‌కి శబ్దం పెరగడం మామూలే. ఈ కొలతలో గంటకి ఒక గిగాబైటు కాస్త దాటుతుంది. విరామంలో ఫైలు మూసి కొత్తది మొదలుపెట్టండి, బ్యాటరీ మార్చండి.

ఫోన్‌తో తీసేది స్టేడియం బేస్‌కి చిట్లిపోయి పనికిరాకుండా పోతుంది, పైగా వెనకవాళ్ల చూపుకి అడ్డం. ఫిష్ 2002 చివరి నుంచి తన కచేరీలను మిక్సర్ శబ్దంతో స్వయంగా అమ్ముతోంది. డెడ్ పాత కచేరీలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో వేల సంఖ్యలో ఉన్నాయి. జనంలోంచి తీసినవి దించుకోవచ్చు, మిక్సర్ నుంచి నేరుగా తీసినవి అక్కడే వినాలి.

ప్రశ్న: కొలరాడో రాష్ట్రంలోని బౌల్డర్‌లో, ఫోల్సమ్ ఫీల్డ్ స్టేడియంలో షో. ఎత్తు ప్రదేశం, పైగా వాన భయం. ఏం జాగ్రత్తపడాలి?

జవాబు: సముద్రమట్టానికి ఐదు వేల అడుగులకి పైనే. దాహం తెలియకుండానే ఒళ్లు ఎండిపోతుంది, మందు తొందరగా తలకెక్కుతుంది. ముందురోజు నుంచే నీళ్లు తాగుతూ ఉండండి. మధ్యాహ్నం మండే ఎండ ఉన్నా రాత్రికి స్వెటర్ కావాలి. మొదటి సెట్ తరచు పగటి వెలుగులోనే గడుస్తుంది. పడమటి వైపు చూసే సీటైతే సూర్యుడు కళ్లల్లోకి కొడతాడు, అంచున్న టోపీ పెట్టుకోండి. ఫిష్ దీపాల కూర్పరి క్రిస్ కురోడా బృందంతోపాటే అప్పటికప్పుడు దీపాలు వాయిస్తాడని చెప్పాలి. ఆ పనితనం చీకటి పడ్డాక రెండో సెట్‌లోనే తెలుస్తుంది.

వాన పడినా ఆపరు, పిడుగులు దగ్గరైతే ఆపుతారు. ప్రకటన రాగానే ఫ్లోర్ వదిలి గ్యాలరీ లోపలి కారిడార్లలోకి వెళ్లండి. ఆఖరి ఉరుము విన్నాక కనీసం అరగంట ఆగాలన్నది సాధారణ నియమం. మధ్యలో ఇంకోటి ఉరిమితే లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. తొందరపడి కారు తీసుకుని వెళ్లిపోకండి, తిరిగి లోపలికి రానివ్వకపోవచ్చు.

ప్రశ్న: షో అయ్యాక పార్కింగ్‌లో రెండు గంటలు ఇరుక్కున్నాం. ఎన్‌కోర్ వదిలేసి రావాలా?

జవాబు: వదలకండి. వచ్చేటప్పుడే పని చేసుకోవాలి. లాట్‌లో ముందుగా వచ్చినవాళ్లని గేటుకి దగ్గరగా, లోపలివైపు పెడతారు. ఆ చోటు బయటికి వెళ్లేటప్పుడు ఆఖరు. నడవగలిగితే నిష్క్రమణకి దగ్గరున్న అంచు వరుస అడిగి, కారు బయటికి ముఖం పెట్టి నిలపండి. వరుస గుర్తు ఉన్న స్తంభాన్ని ఫొటో తీసుకోండి. దీపాలు వెలిగాక సీట్లోనే ముప్పావుగంట కూర్చుంటే రద్దీ సగం తగ్గుతుంది. రైలుకైతే ఈ లెక్క తిరగబడుతుంది: ఆఖరి బండి ఎన్నింటికో ముందే చూసుకుని, రెండో సెట్ చివర్లోనే పై అంతస్తు వదిలి స్టేషన్ వైపు గేటు దగ్గరి మెట్ల పక్కకి చేరండి. ఎన్‌కోర్ అక్కడ నిలబడి వినొచ్చు.